క్షమాపణ తప్పు మాటకే, మార్కుల ఫిర్యాదుకు కాదు

ప్రశ్న: డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ల్యాబ్ రికార్డు గడువు బుధవారం. నేను మంగళవారం మధ్యాహ్నమే స్నేహితురాలితో కలిసి వెళ్లి ల్యాబ్ సహాయకుడి బల్ల మీద పెట్టి వచ్చాను. సార్ మాత్రం గురువారం ఇచ్చినట్టు రాసుకుని ఇరవైకి ఎనిమిది మార్కులు వేశారు. అడిగితే తరగతిలో అందరి ముందు, "ఫోను పక్కన పెడితే రికార్డు వేళకు వస్తుంది" అన్నారు. ఆ రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో జరిగింది రాశాను. మర్యాదగానే రాశాను. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఆయనకు పంపారు. ఇప్పుడు క్రమశిక్షణ సంఘం నుంచి నోటీసు వచ్చింది. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, బుధవారం విచారణ. పోస్టు తీసేసి, వీడియోలో క్షమాపణ చెప్పి అందరికీ కనిపించేలా పెడితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని సార్ కబురు పంపారు. తప్పు ఆయన చేస్తే క్షమాపణ నేనెందుకు చెప్పాలి? చెబితే తప్పంతా నాదేనని ఒప్పుకున్నట్టు కాదా? నా మార్కుల సంగతి ఏమవుతుంది? పోస్టు ప్రతి, నోటీసు ప్రతి జతచేస్తున్నాను. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు.
— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: పోస్టు ప్రతి జతచేసి మంచి పని చేశారు. ఉత్తరం మాత్రమే చదివి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. నోటీసులో "బోధకుడిని కించపరిచే పోస్టు" అని గంపగుత్తగా రాశారు. మీరు కూడా దాన్ని గంపగుత్తగానే సమర్థించుకోవాలని చూస్తున్నారు. అలా చేస్తే అందులో నిలబడే మాటలు కూడా నిలబడని మాటలతో పాటు కొట్టుకుపోతాయి. అందుకే ముందుగా మీ పోస్టును వాక్యం వాక్యంగా విడదీద్దాం.

మొదటి వాక్యం: "మంగళవారం ఇచ్చిన రికార్డును కావాలనే గురువారం ఇచ్చినట్టు రాసి మార్కులు కోశారు." రికార్డు ఏ రోజు ఇచ్చారన్నది తేల్చగలిగిన సంగతి. మీతో వచ్చిన స్నేహితురాలు ఉన్నారు, సహాయకుడు ఉన్నారు, బహుశా ఆయన దగ్గర పుస్తకంలో నమోదు కూడా ఉంటుంది. కానీ "కావాలనే" అన్నది మీకు తెలిసిన సంగతి కాదు. మీ ఉత్తరం ప్రకారమే మీరు రికార్డును మీ బోధకుడి చేతికి ఇవ్వలేదు, సహాయకుడి బల్ల మీద పెట్టారు. అది ఆయన చేతికి గురువారం చేరి ఉంటే, ఆయన తనకు తెలిసిందే రాసుకున్నారు. మీరూ మీకు తెలిసిందే చెబుతున్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడకుండానే ఈ గొడవ పుట్టి ఉండవచ్చు. పోస్టు పెట్టే ముందు ఎవరైనా మిమ్మల్ని కూర్చోబెట్టి ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

రెండో వాక్యం: "ఆయనకు పాఠం చెప్పడం రాదు, ప్రయోగం మధ్యలో తనే పుస్తకం చూసుకుంటారు." ఇది మీ అభిప్రాయం, కటువుగా ఉంది. చదివిన మనిషికి బాధ కలుగుతుంది. అయినా బోధన ఎలా ఉందో చెప్పే హక్కు చదువుకునేవారికి ఉంది. దీన్ని ఉపసంహరించుకోమని నేను చెప్పను.

మూడో వాక్యం దగ్గర ఆగాలి. "డబ్బులిచ్చిన వాళ్లకే ఇరవైకి ఇరవై వేస్తారని అందరికీ తెలుసు." మీ ఉత్తరంలో దీని ప్రస్తావనే లేదు. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు, ఎంత, మీరు చూశారా, ఇచ్చినవాళ్లు మీతో చెప్పారా? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ మీ దగ్గర జవాబు లేదని నాకు అనిపిస్తోంది. ఇది ఒక మనిషి ఉద్యోగాన్ని, పేరును పోగొట్టగల ఆరోపణ. మర్యాదకరమైన పదాలతో రాసినంత మాత్రాన ఇది మర్యాద అనిపించుకోదు.

నాలుగోది: "ఇలాంటి వాళ్లను ఊరికే వదలకూడదు." విడిగా చూస్తే కోపంలో అన్న మాట. కానీ దాని కింద మీ మిత్రుడొకరు "బయట కనిపిస్తే చూసుకుందాం" అని రాశారు. ఆ వ్యాఖ్య కింద మీ ఖాతా నుంచి గుండె గుర్తు ఉంది. మీరు పంపిన ప్రతిలోనే అది కనిపిస్తోంది. అది వేలు తగిలి పడిందా, నవ్వుకుని పెట్టారా నాకు తెలియదు. సంఘానికీ తెలియదు. వాళ్లకు కనిపించేది ఒక బెదిరింపు, దానికి మీ ఆమోదం. నోటీసు ఇంత తొందరగా రావడానికి కారణం ఇదేనని నా అంచనా.

ఇక పోస్టుతో పాటు మీరు పెట్టిన మీ బోధకుడి ఫొటో. అది ఆయన సొంత ఫేస్‌బుక్ పేజీ నుంచి తీసినది. భుజం మీద చిన్న పాప కూర్చుని ఉంది, ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. మీ రికార్డుకూ ఆ పాపకూ ఏ సంబంధమూ లేదు. ఇందులో రెండో మాటకు తావు లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాం. క్షమాపణ చెబితే తప్పంతా ఒప్పుకున్నట్టేనా అని అడిగారు. దేనికి చెబుతున్నారో స్పష్టంగా రాస్తే కాదు. డబ్బు గురించిన వాక్యానికి, పాప ఫొటోకు, ఆ గుండె గుర్తుకు మీరు క్షమాపణ చెప్పాలి. "కావాలనే" అన్న మాటను వెనక్కి తీసుకోవాలి. రికార్డు మంగళవారం ఇచ్చానన్న మాట మీద, మార్కులు తిరిగి చూడమన్న కోరిక మీద గట్టిగా నిలబడాలి. క్షమాపణా, కట్టుబడి ఉన్న మాటా ఒకే సంజాయిషీలో పక్కపక్కనే ఉండవచ్చు; మార్కుల దరఖాస్తు మాత్రం వేరుగా ఇవ్వాలి. నిజానికి మొదటిది నిజాయితీగా రాస్తేనే రెండోది చదివేవాళ్లు నమ్ముతారు.

సోమవారం దాకా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. వాటి వరుస ముఖ్యం.

పోస్టును చెరిపేయకండి, అలాగని అందరికీ కనిపించేలా ఉంచకండి. ముందు పూర్తి ప్రతి తీసుకోండి. పోస్టు, కింద ఉన్న ప్రతి వ్యాఖ్య, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. మీకు అనుకూలంగా ఉన్నవి మాత్రమే తీస్తే రేపు అవతలి వాళ్లు మిగతావి చూపిస్తారు. ఆ తర్వాత పోస్టును ఆర్కైవ్ చేయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్కైవ్ చేసిన పోస్టు ఇతరులకు కనిపించదు గానీ వ్యాఖ్యలతో, లైకులతో సహా మీ ఖాతాలో భద్రంగా ఉంటుంది. చెరిపేస్తే మాత్రం "ఇటీవల తొలగించినవి" అన్న చోట 30 రోజుల వరకే ఉండి, తర్వాత పోతుంది. నోటీసు వచ్చాక చెరిపేయడం ఆధారాలు మాయం చేసినట్టు కనిపిస్తుంది. అలాగే వదిలేస్తే, తప్పని తెలిసిన ఆరోపణ ప్రతి గంటా కొత్తవాళ్ల కంట పడుతూనే ఉంటుంది. దాచడం తప్పు ఒప్పుకోవడం కాదు. ఎప్పుడు దాచారో, ప్రతి మీ దగ్గర ఉందో జవాబులో మీరే రాస్తారు కాబట్టి దాని మీద అనుమానానికి చోటుండదు.

తరగతి వాట్సాప్ గ్రూపులో సార్ రాసిన సందేశాలు, రికార్డు గడువు గురించిన ప్రకటన ఉంటే ఆ సంభాషణను "ఎక్స్‌పోర్ట్" చేసి, అంటే మొత్తాన్ని ఒక ఫైలుగా దించి పెట్టుకోండి. ముక్కలు ముక్కలుగా తీసిన స్క్రీన్‌షాట్ల కంటే ముందు వెనకలతో సహా ఉన్న సంభాషణకు విలువ ఎక్కువ.

మిత్రులకు ఫోను చేసి చెప్పండి: నా తరఫున ఎవరూ ఏమీ రాయవద్దు, ఆయన పేజీలోకి వెళ్లి వ్యాఖ్యలు పెట్టవద్దు, నోటీసు ఫొటో ఎక్కడా పంచవద్దు. వాళ్లది ప్రేమే. కానీ ఈ సమయంలో వాళ్లు రాసే ప్రతి మాటా మీ ఖాతాలోకే జమ అవుతుంది. మీరు కూడా విచారణ పూర్తయ్యేదాకా ఈ విషయం మీద ఎక్కడా ఒక్క మాట రాయకండి. పేరు పెట్టకుండా రాసే "కొందరుంటారు" తరహా మాటలు, వేదాంత వాక్యాలు కూడా వద్దు. ఎవరి గురించో అందరికీ ఇట్టే తెలిసిపోతుంది.

ఇంట్లో చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి. ముందు కోపగిస్తారేమో. అయినా నోటీసు సంగతి బయటివాళ్ల నోట వినడం కంటే మీ నోట వినడమే వాళ్లకు మేలు. నాలుగు రోజులుగా నిద్ర లేదన్నారు. ఆ స్థితిలో రాసిన జవాబులో మళ్లీ ఇలాంటి వాక్యాలే దొర్లుతాయి. కళాశాలలో కౌన్సిలర్ ఉంటే కలవండి. జవాబు రాసే ముందు ఒక్క రాత్రయినా కంటి నిండా నిద్రపోండి.

మీరు ఏ దేశంలో చదువుతున్నారో రాయలేదు. ఇలాంటి వివాదాలు చాలా దేశాల్లో కోర్టుల దాకా వెళ్లాయి. వాటిని చూస్తే మీ పోస్టులో ఏ మాట నిలుస్తుందో, ఏది నిలవదో తేటతెల్లమవుతుంది.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ఒక బోధకురాలిని ఫేస్‌బుక్ గ్రూపులో విమర్శించినందుకు కొందరు విద్యార్థుల మీద చర్య తీసుకున్నారు. వాళ్లలో కవల సోదరులిద్దరు కోర్టుకెక్కారు. 2010లో కింది కోర్టు, 2012లో అల్బెర్టా అప్పీలు కోర్టు వాళ్ల పక్షానే నిలిచాయి. విశ్వవిద్యాలయం నిర్ణయం సమంజసంగా లేదని తేల్చాయి. వాళ్ల మాటలు మృదువైనవేమీ కావు. అయినా అవి ప్రధానంగా బోధన మీద విమర్శలు. మీ రెండో వాక్యం ఈ కోవకు చెందుతుంది.

అదే 2012లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు ఇందుకు విరుద్ధంగా తీర్పునిచ్చింది. అంత్యక్రియల శాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని, ప్రయోగశాలలో తాను కోస్తున్న మృతదేహం గురించి ఫేస్‌బుక్‌లో పరిహాసంగా రాసింది. ఒకరిని పరికరంతో పొడవాలనుందన్నట్టు కూడా రాసింది. విశ్వవిద్యాలయం ఆ ల్యాబ్ కోర్సులో ఆమెను ఫెయిల్ చేసింది, కోర్టు దాన్ని సమర్థించింది. ల్యాబ్ గురించి ఇంటర్నెట్‌లో రాయకూడదన్న నియమం ముందే ఉంది, అది ఆ వృత్తి ప్రమాణాలతో నేరుగా ముడిపడినది. కాబట్టి చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితాలు, విద్యార్థుల ప్రవర్తనా నియమావళి, ల్యాబ్ నియమాలు తీసి చదవండి. వైద్యం, నర్సింగు, ఉపాధ్యాయ శిక్షణ లాంటి చదువుల్లో ఈ నియమాలు ఇంకా బిగువుగా ఉంటాయి.

2021లో అమెరికా సుప్రీంకోర్టు స్నాప్‌చాట్ అనే యాప్‌లో పెట్టిన పోస్టు కేసులో 8–1 మెజారిటీతో ఒక బడి విద్యార్థిని పక్షాన తీర్పు చెప్పింది. సెలవు రోజున, బడి బయట, బడి మీద కోపంతో పెట్టిన పోస్టుకు ఆమెను చీర్‌లీడర్ల జట్టు నుంచి తప్పించడం రాజ్యాంగ విరుద్ధమన్నది. కానీ అదే తీర్పులో, వ్యక్తులను లక్ష్యంగా చేసుకున్న తీవ్రమైన వేధింపులు, ఉపాధ్యాయులకు బెదిరింపులు బడి బయట జరిగినా సంస్థ జోక్యం చేసుకోవచ్చని కూడా చెప్పింది. మీ పోస్టు కింది వ్యాఖ్యను, దాని కింద మీ గుండె గుర్తును నేను ఇంత గట్టిగా పట్టుకోవడం అందుకే.

భారతదేశంలో అయితే, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చికాకు కలిగించే పోస్టు పెట్టారన్న కారణంతో ఆ సెక్షన్ కింద అరెస్టు చేసే వీలు ఇప్పుడు లేదు. కానీ పరువు నష్టం నేరంగానే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. అందులోని మినహాయింపుల్లో ఒకటి మీకు చాలా ముఖ్యం. ఒక వ్యక్తి మీద చట్టబద్ధమైన అధికారం ఉన్నవారికి, ఆ విషయం మీద సద్బుద్ధితో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కిందకు రాదు. అంటే డబ్బు తీసుకుంటున్నారన్న అనుమానం మీకు నిజంగా ఉంటే, కారణాలతో సహా ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసి ఇవ్వడానికి చట్టం అండగా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో నలుగురి ముందు పెట్టడానికి ఆ అండ లేదు.

ఇక సంజాయిషీ. చాలామంది ఇక్కడ పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీలు రాస్తారు. ఒక పేజీ చాలు. ఈ మాదిరిగా రాయవచ్చు:

"ఫలానా తేదీ నోటీసుకు నా జవాబు ఇది. ఆ పోస్టు నా ఖాతాలో నేను పెట్టినదే. రికార్డును మంగళవారం ల్యాబ్ సహాయకుడి బల్ల మీద పెట్టానన్న మాటకు కట్టుబడి ఉన్నాను; నాతో వచ్చిన విద్యార్థిని వాంగ్మూలం జతచేశాను. బోధకుడు కావాలనే తేదీ మార్చారని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ మాట ఉపసంహరించుకుంటున్నాను. డబ్బు తీసుకుని మార్కులు వేస్తారని రాసిన వాక్యం నేను రాయకూడనిది. దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుని, ఆయనకు క్షమాపణ చెబుతున్నాను. వారి పాప ఫొటో వాడినందుకు, బెదిరింపుగా ఉన్న వ్యాఖ్య కింద గుర్తు పెట్టినందుకు కూడా క్షమాపణ చెబుతున్నాను. ఫలానా తేదీన పోస్టును ఎవరికీ కనిపించకుండా చేశాను. పూర్తి ప్రతి నా దగ్గర ఉంది, సంఘం అడిగితే ఇస్తాను. నా మీద ఏ నియమం కింద చర్య ప్రతిపాదించారో, దానికి ఆధారమైన పత్రాలేమిటో విచారణకు ముందే ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మార్కుల విషయమై వేరుగా దరఖాస్తు సమర్పించాను."

ఇందులో "ఎవరి మనసైనా నొప్పించి ఉంటే" అన్న మాట లేదని గమనించండి. అలా రాస్తే, నొచ్చుకోవడం అవతలివాళ్ల లోపమన్న అర్థం వస్తుంది. "కోపంలో అలా వచ్చేసింది" అన్న మాట కూడా లేదు. ఎందుకు రాశారో విచారణలో అడిగితే చెప్పవచ్చు. అందరి ముందు అన్న మాటకు అవమానంగా అనిపించిందని చెప్పండి, అది నిజం కాబట్టి. కానీ క్షమాపణ చెప్పే వాక్యంలోకి కారణాన్ని దూర్చకండి. జవాబును ఈమెయిల్‌లో పంపండి, కాగితం మీద కూడా ఇచ్చి రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. రికార్డు విషయంలో లేకపోయింది ఆ సంతకమే.

వీడియో క్షమాపణకు మాత్రం ఒప్పుకోకండి. ఇది నా గట్టి అభిప్రాయం. కెమెరా ముందు తల వంచుకుని చదివిన క్షమాపణ ఎవరి బాధనూ తీర్చదు. మీ ముఖం మాత్రం ఏ ఫోనులో, ఏ హేళన కింద తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. పైగా క్రమశిక్షణ సంఘం ముందున్న విషయాన్ని "వీడియో పెడితే వెనక్కి తీసుకుంటాను" అని కబురు ద్వారా తేల్చుకోవాలనుకోవడం ఆ బోధకుడు చేయకూడని పని. ఎవరి ద్వారా, ఏ రోజు, ఏ మాటల్లో కబురు వచ్చిందో రాసి పెట్టుకోండి. దాన్ని బెదిరింపుగా చిత్రించకండి. సంఘం అడిగితే వచ్చింది వచ్చినట్టు చెప్పండి.

కానీ ఆయన అడిగినదాంట్లో ఒక న్యాయం ఉంది. ఆరోపణ నలుగురిలో చేశారు, ఉపసంహరణ నాలుగు గోడల మధ్య చేస్తే సరిపోదు. పోస్టు చూసినవాళ్లలో ఎంతమంది డబ్బు సంగతి నమ్మారో మీకు తెలియదు. అందుకే వీడియోకు బదులుగా, అదే ఖాతాలో ఒక సవరణ పెట్టడానికి సిద్ధమని సంఘంతో మీరే చెప్పండి: "ఫలానా తేదీన మా బోధకుడి గురించి రాసిన పోస్టులో డబ్బు తీసుకుంటారన్న ఆరోపణకు ఆధారం లేదు. అది తప్పు. ఉపసంహరించుకుంటున్నాను, ఆయనకు క్షమాపణ చెబుతున్నాను." అంతే. వ్యాఖ్యలు ఆపేసి పెట్టండి. అక్షరం అక్షరం సంఘానికి ముందే చూపించి, సరేనన్నాకే పెట్టండి.

విచారణ రోజున మీకు కొన్ని హక్కులు ఉంటాయి. చాలా దేశాల్లో వాటి సారం ఒకటే: ఆరోపణ ఏమిటో ముందే తెలియాలి, ఆధారాలు చూడనివ్వాలి, మీ మాట వినాలి, ఫిర్యాదు చేసిన మనిషే తీర్పరి కాకూడదు. ఆ బోధకుడు సంఘంలో సభ్యుడైతే, ఈ విచారణకు ఆయన బదులు వేరొకరిని కూర్చోబెట్టమని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. అమెరికా సుప్రీంకోర్టు 1975లోనే ప్రభుత్వ బడుల్లో పది రోజుల లోపు సస్పెన్షన్‌కు కూడా ఆరోపణ తెలపాలని, విద్యార్థి మాట వినాలని తీర్పునిచ్చింది. తోడుగా ఒకరిని తీసుకెళ్లవచ్చో లేదో మీ నియమావళిలో చూడండి, వీలైతే తీసుకెళ్లండి. అడిగినదానికే జవాబు చెప్పండి. తెలియనిదాన్ని తెలియదనండి. ఆ వ్యాఖ్య రాసిన మిత్రుడి పేరు అడిగితే దాచకండి. ప్రతిలో కనిపిస్తున్నదాన్ని దాచబోతే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

శిక్ష వేస్తే ఎంత వేస్తారన్నది నేను చెప్పలేను. కానీ శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలని అడగవచ్చు. ఇది మొదటిసారి, తప్పిదం ఒప్పుకున్నారు, సవరణకు సిద్ధమయ్యారు. ఈ మూడూ నిర్ణయంలో నమోదు చేయమని కోరండి. నిర్ణయం కారణాలతో సహా రాతపూర్వకంగా ఇవ్వమనండి, అప్పీలుకు అదే పునాది. భారతదేశంలో అయితే, సంస్థ తన నియమాలకు విరుద్ధంగా నడుచుకుంటే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2023 నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి వెళ్లవచ్చు. ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దాంతో తృప్తి కలగకపోతే నిర్ణయం అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే విశ్వవిద్యాలయంలో అన్ని మెట్లూ అయిపోయాక వాళ్లిచ్చే ముగింపు లేఖ పట్టుకుని 12 నెలల్లోగా ఉన్నత విద్యకు సంబంధించిన స్వతంత్ర న్యాయనిర్ణేత కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. గడువు దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదుకైనా తలుపు మూసుకుపోతుంది. తేదీలు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

మార్కుల దరఖాస్తు పూర్తిగా వేరు కాగితం. అందులో పోస్టు ఊసు, తరగతిలో అన్న మాట ఊసు, బోధన ఊసు ఏవీ వద్దు. విభాగాధిపతికి రాయండి. ఏ రోజు, ఏ సమయంలో, ఎక్కడ పెట్టారు, ఎవరు చూశారు అన్నవి చాలు. సహాయకుడి బల్ల మీద పెట్టడాన్ని సమర్పించినట్టుగా పరిగణిస్తారా, అంతకుముందు మిగతా విద్యార్థులు ఎలా ఇచ్చారు, ఆలస్యానికి మార్కులు కోయాలని ఎక్కడ రాసి ఉంది, ఎన్ని కోయాలని ఉంది — ఈ ప్రశ్నలు అడగండి. తోటివాళ్లు కూడా అక్కడే పెడుతూ వచ్చి, వాళ్లకు ఆలస్యం వర్తించకపోతే మీ పక్షం చాలా బలంగా ఉంటుంది. సహాయకుడిని సాక్ష్యం అడిగేటప్పుడు జాగ్రత్త. ఆయన ఆ బోధకుడి కింద పనిచేసే మనిషి. నిలదీయకండి. రికార్డు ఎప్పుడు చూశారో గుర్తుందా అని మాత్రం అడిగి, మిగతాది విభాగాధిపతికి వదిలేయండి.

ఒక్క మాట మీ బోధకుడి గురించి కూడా చెప్పాలి. విద్యార్థి మార్కుల గురించి అడిగినప్పుడు అందరి ముందు ఎత్తిపొడవడం తప్పు. "ఎప్పుడు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు" అని ఆయన ఆ క్షణంలో అడిగి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది మీరొక్కరే కాదు. ఇలాంటి ఉత్తరాలు చదివే బోధకులెవరైనా ఉంటే వాళ్లకూ ఇదే మనవి: మీ గురించి పెట్టిన పోస్టు స్క్రీన్‌షాట్‌తో నేరుగా క్రమశిక్షణ సంఘానికి వెళ్లే ముందు, విభాగాధిపతి సమక్షంలో ఒకసారి ఆ విద్యార్థిని పిలిచి మాట్లాడండి. బెదిరింపు ఉంటే ఆ సంగతి వేరు. విమర్శ మాత్రమే అయితే దాన్ని భరించడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

ఇంత చెప్పాక ఒక హద్దు గీయాలి. పోస్టు పెట్టకండి, లోపలే తేల్చుకోండి అని నేను చెబుతున్నది మీ ఉత్తరంలో ఉన్న వివాదానికే. బోధకుడు చేయి చేసుకున్నా, లైంగికంగా వేధించినా, కులం, మతం, రంగు, వైకల్యం పేరుతో అవమానించినా ఈ సలహా వర్తించదు. అక్కడ క్షమాపణల లెక్క ఉండదు. అలాంటి ఫిర్యాదుల కోసం ఉన్న ప్రత్యేక సంఘానికి, అవసరమైతే పోలీసులకు, న్యాయవాదికి వెంటనే చెప్పాలి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. ఉండి, రాయడానికి వెనకాడి ఉంటే మాత్రం పైన చెప్పిందంతా పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

విచారణ ముగిశాక కూడా ఈ టర్ము పూర్తయ్యేదాకా ఆయన ల్యాబ్‌లోనే మీరు నిలబడాలి. అది కష్టం. మొదటి రోజు వెళ్లగానే నమస్కారం చెప్పి మీ బల్ల దగ్గరికి వెళ్లండి. ఆయన జవాబివ్వకపోయినా మళ్లీ వారం కూడా చెప్పండి. తోటివాళ్లు ఏమైందని అడిగితే "సంఘం చూసుకుంటోంది" అనండి, అంతకంటే వివరం వద్దు. సందేహాలుంటే అందరూ ఉన్నప్పుడే అడగండి. ఒంటరిగా ఆయన గదికి వెళ్లవలసివస్తే స్నేహితురాలిని తోడు తీసుకెళ్లండి. అది మీకూ మంచిది, ఆయనకూ మంచిది. చివరి ప్రాక్టికల్ పరీక్షకు మరో బోధకుడు కూడా కూర్చునే ఏర్పాటు చేయమని విభాగాధిపతిని ఇప్పుడే అడగండి. మార్కులు వచ్చాక అడిగితే దానికి వేరే అర్థాలు తీస్తారు. తర్వాతి రికార్డును ఎవరి చేతికి ఇచ్చినా తేదీతో సంతకం వేయించుకుని, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.